పంపినట్టుండాలి, చేరకూడదు

మా గంగవరం, పలమనేరు వైపు ఏ వీధి తీసుకున్నా ఆ వీధికొక కువైట్, ఒక డల్లాస్, మధ్యలో ఎక్కడో ఒక సింగపూర్ ఉండనే ఉంటాయి. అక్కడున్న మన పిల్లలంతా మంచివాళ్లే. కానీ ఫోను చేశారంటే చాలు, ఏదో ఒకటి పంపమంటారు. ఒకరికి ఊరగాయ, ఒకరికి నిప్పట్లు, ఒకరికి డిగ్రీ మార్కుల కాగితాలు. పంపకపోతే చెడ్డపేరు. పంపితే ఖర్చు, పైగా అది క్షేమంగా చేరిందంటే వచ్చే నెల ఇంకో జాబితా. ఈ రెండు కష్టాల మధ్యన సన్నటి దారి ఒకటుంది. మనం పంపినట్టుండాలి, అది చేరకూడదు, తప్పు పోస్టాఫీసు మీద పడాలి. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. చిరునామా సరిగా రాయకపోతే చాలు. కింది చిట్కాల్లో ఒక్కటి పాటించినా గుణం కనిపిస్తుంది. అన్నీ పాటిస్తే ఈ జన్మలో మిమ్మల్ని ఎవరూ ఏదీ పంపమని అడగరు.

1. పాత డైరీలో ఉన్న చిరునామానే రాయండి.

అబ్బాయి కొత్త చిరునామా వాట్సాప్‌లో పంపే ఉంటాడు. అది దొరకాలంటే మూడు నెలల గుడ్‌మార్నింగ్ బొమ్మలన్నీ దాటుకుంటూ పైకి పోవాలి. అంత తీరిక ఎవరికుంది? బీరువాలో డైరీ ఉంది, అందులో వాడు మొదటిసారి విమానం ఎక్కినప్పటి చిరునామా ఉంది, అదే రాయండి. ఆ తరవాత వాడు రెండిళ్లు మారాడు, పెళ్లి చేసుకున్నాడు, రాష్ట్రం కూడా మారాడు. అది వాడి తలనొప్పి. ఇల్లు మారినట్టు చెప్పుకుంటే పాత ఇంటి ఉత్తరాలను కొత్త ఇంటికి పంపే ఏర్పాటు అమెరికా తపాలా శాఖకు ఉంది గానీ, మామూలుగా అది ఏడాదితో సరి. మీ డైరీ అంతకంటే పాతదే కాబట్టి భయపడకండి.

2. దేశం పేరు రాయకండి.

ఇది అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే చిట్కా. విదేశానికి పోయే ఉత్తరం మీద చిట్టచివరి వరుసలో దేశం పేరు ఒక్కటే, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలంటారు. 1874లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో పుట్టిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ వాళ్ల మాట ఇది. మన దేశం 1876లోనే అందులో చేరింది కాబట్టి మనకూ వర్తిస్తుంది. కారణం చాలా చిన్నది. మన దేశంలో సార్టింగు చేసేవాళ్లకు కావలసింది ఆ ఒక్క వరుసే. అది చూసి సంచిలో వేస్తారు. పైన ఉన్న ఇంటి నంబరు, వీధి, ఊరు ఆ దేశం వాళ్లు చూసుకుంటారు. అంటే ఆ ఒక్క వరుస మింగేశామంటే సగం పని అయిపోయినట్టే.

పూర్తిగా మింగేయడానికి ధైర్యం చాలనివాళ్లు రెండర్థాలు వచ్చేట్టు రాయండి. మేనల్లుడు అట్లాంటాలో సాఫ్ట్‌వేరు, మేనకోడలు తిబిలిసీలో ఎంబీబీఎస్ అనుకుందాం. ఇద్దరికీ చివర ‘జార్జియా’ అని రాసి ఊరుకోండి. ఒకటి అమెరికాలో రాష్ట్రం, ఇంకోటి నల్లసముద్రం ఒడ్డున సాక్షాత్తూ దేశం. పట్టు పరికిణీ అట్లాంటా కుర్రాడికి, గడ్డం గీసుకునే సామాను డాక్టరమ్మకు అందే అవకాశం ఉంది. అదీ అదృష్టం బాగుంటేనే. డబ్లిన్ అయితే ఇంకా మేలు. ఐర్లండు రాజధాని ఒకటి, కాలిఫోర్నియాలో ఒకటి, ఒహాయోలో ఒకటి, మూడు చోట్లా మనవాళ్లున్నారు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండులోనూ ఉంది, అలబామాలోనూ ఉంది. కెనడాలో ఉన్నవాళ్లకు చివర ‘సి.ఏ.’ అని రెండు పొడి అక్షరాలు వేయండి. కాలిఫోర్నియాకు కూడా అవే అక్షరాలు. ఆస్ట్రేలియాను కొంచెం తొందరగా, కొంచెం కలిపి రాస్తే ఆస్ట్రియా అవుతుంది. దానికి సాధన కావాలి గానీ, పోస్టాఫీసులో దారం కట్టి వేలాడదీసిన పెన్ను ఉంటుందే, దాంతో రాస్తే సాధన లేకపోయినా వస్తుంది.

3. మన ఊరి చిరునామా అడిగితే ఊరి పేరు ఒక్కటే చెప్పండి.

ఇది వచ్చే ఉత్తరాల సంగతి. అందరికీ పనికిరాదు, భూమి ఉన్నవాళ్లకే. కానీ పనికొచ్చినవాళ్లకు ఇంతకు మించిన చిట్కా లేదు.

అన్న అట్లాంటాలో ఉంటాడు. ఆయన భాగానికి వచ్చిన రెండెకరాలు మీరే చేసుకుంటున్నారు. ఒక ఏడు టమోటా, ఒక ఏడు మల్బరీ. ధర బాగున్న ఏడు మదనపల్లె మార్కెట్టు నుంచి మీరు వచ్చే తీరు చూడాలి. కౌలు మాట ఎవరూ ఎత్తరు. ఉన్నట్టుండి ఒకరోజు అన్నకు ఆ పొలం అమ్మాలనిపిస్తుంది. సెలవు దొరకదు కాబట్టి నాన్న పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి పోస్టులో పంపుతానంటాడు.

“అడ్రసు పంపరా, కవరు మీద రాయాల.”

“మన ఊరు నీకు తెలీదా ఏంది? గంగవరం, ఏపీ. రాసెయ్ న్నా.”

“అంతేనా? పోస్టు, మండలం ఏమీ వద్దా?”

“గంగవరమే మండలం. ఇంగేం కావాల? అందరికీ అట్లే వస్తాండాయి.”

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు చూశారా. అక్కడే ఆపండి. ఇంటి నంబరు, పలమనేరు, చిత్తూరు జిల్లా, పిన్ కోడ్, ఇవేవీ నోటెంట రానివ్వకండి. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో గంగవరాలకు కొదవ లేదు. విశాఖపట్నం పక్కన ఓడరేవు ఉన్న గంగవరం ఒకటి, పేపర్లలో వచ్చేది, లోకానికి తెలిసింది అదే. రంపచోడవరం దగ్గర గంగవరం మండలం ఇంకోటి. కోనసీమలో కె.గంగవరం మండలం మరోటి. చిత్తూరు అని తెలియక రాసినా ఫరవాలేదు, కేరళలో పాలక్కాడ్ పక్కన ఒక చిట్టూరు ఉంది. అన్న కాగితం సముద్రం చూసి, మన్యం ఎక్కి, గోదావరి దాటి మన చింతచెట్ల కిందికి వచ్చేసరికి మీకు ఇంకో పంట చేతికొస్తుంది.

కాగితం వచ్చాక కూడా దిగులు పడకండి. విదేశంలో రాసిన పవర్‌కు, అది మన దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలని 1899 నాటి స్టాంపుల చట్టంలోనే ఉంది. ఆ మూడు నెలల్లో రెండున్నర ఇంకో గంగవరంలో బల్ల మీద గడిస్తే, మిగిలిన పదిహేను రోజులు నాన్నకు మోకాళ్ల నొప్పులు వస్తే సరిపోతుంది.

4. పిన్ కోడ్‌ను దగ్గరికి రానివ్వకండి.

పైన చెప్పిన చిట్కా మొత్తాన్ని పాడుచేయగలిగింది ఈ ఆరంకెలే. మొదటి 5 చూడగానే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో ఒకటని తెలిసిపోతుంది. 517 అంటే చిత్తూరు వైపని సార్టింగులో కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుని చెప్తారు. చివరి మూడంకెలు ఏ పోస్టాఫీసో కూడా పట్టిచ్చేస్తాయి. శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ అనే పెద్దమనిషి పూనుకోగా 1972 ఆగస్టు 15 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఒకే పేరున్న ఊళ్లు, తలా ఒక భాషలో రాసే చిరునామాలు తెచ్చే గందరగోళం పోవాలనే దాన్ని పెట్టారు. అంటే సరిగ్గా మన ఆదాయం మీద దెబ్బ.

పిన్ రాయమని ఎవరైనా పట్టుబడితే ఠాగూర్‌ను అడ్డం పెట్టండి. ఆయన 1919 ఫిబ్రవరిలో మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. “అప్పుడు ఆయనకు పిన్ కోడ్ ఉండిందా సార్?” అని అడగండి. ఆగకుండా ఆరోగ్యవరం కూడా ఎత్తుకోండి. 1915లో అక్కడ తెరిచిన క్షయ ఆస్పత్రిని నడిపిన డాక్టరు ఫ్రిమోడ్ట్-మోలర్ డెన్మార్కు మనిషి. “వాళ్ల ఇంటి నుంచి వచ్చే జాబులకు పిన్ కోడ్ ఉండిందా?” ఆ రోజుల్లో ఊరికి వచ్చే విదేశీ జాబులు ఎన్ని, ఇప్పుడు ఎన్ని అని పోస్టుమాస్టరు లెక్క మొదలెట్టేలోపు బయటికి వచ్చేయండి.

జిల్లా పేరు విషయంలోనూ ఇలాగే వాదన పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, కుప్పం, మనం చిత్తూరులోనే ఉండిపోయాం. పాత పేరు రాయాలా, కొత్త పేరు రాయాలా అని కవరు పక్కన పెట్టి చర్చించండి. చర్చ జరిగినంతసేపూ రాసే పని ఉండదు. జిల్లాలు మారినా పిన్ కోడ్‌లు అలాగే ఉన్నాయన్న సంగతి మాత్రం ఎత్తకండి.

విదేశాల అంకెలకు ఒక్కో దేశానికి ఒక్కో మందు. అమెరికా జిప్ కోడ్ ఐదంకెలు. అలవాటుగా ఇంకో అంకె కలిపి ఆరు చేయండి. సింగపూర్‌ది మనలాగే ఆరంకెలు, అక్కడ ఒక్కో భవనానికి ఒక్కో నంబరు. ఒక్క అంకె తారుమారు చేస్తే చాలు, మీ కారప్పొడి పక్క భవనంలో చైనా ముసలమ్మకు చేరుతుంది. కెనడాలో అక్షరం, అంకె, అక్షరం అంటూ కలగలిపి ఉంటుంది. అందులో ‘ఓ’ అక్షరం వాడనే వాడరు, సున్నాతో కలిసిపోతుందని. మీరు సున్నా ఉన్న చోటల్లా గుండ్రంగా ‘ఓ’ చుట్టండి.

5. పంపేవాళ్ల చిరునామా, అందుకునేవాళ్ల చిరునామా పక్కపక్కనే, ఒకే సైజులో రాయండి.

విదేశాల్లో చిరునామాను ముందుగా చదివేది యంత్రం. మనది ఎడమవైపు పైన చిన్నగా, వాళ్లది మధ్యలో పెద్దగా ఉంటే దానికి అనుమానం రాదు. రెండూ కవల పిల్లల్లా ఉంటే ఏది ఎత్తుకోవాలో తెలియక అది మనదే ఎత్తుకునే వీలుంది. అప్పుడు మీ ఉత్తరం దేశదేశాలు తిరిగి మీ గడపకే వస్తుంది. ‘టు’, ‘ఫ్రమ్’ అని రాయడం చాదస్తం.

ఉత్తరం తిరిగి రావడం కూడా ఇష్టం లేకపోతే మన చిరునామా అసలు రాయకండి. చేరవేయడానికి వీల్లేనివి, తిప్పి పంపడానికి వీల్లేనివి కొన్ని ఉంటాయి. వాటికోసమే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అని ఒకటుంది. అక్కడివాళ్లకు కవరు విప్పి లోపల ఎవరి చిరునామా అయినా దొరుకుతుందేమో చూసే అధికారం ఉంది. అందుకని లోపలి కాగితంలో కూడా “ఇట్లు, మీ నాన్న” అని మాత్రమే సంతకం పెట్టండి.

6. తెలుగులోనే రాయండి.

భాషాభిమానం ఎప్పటికైనా మంచిదే. టెక్సాస్‌లో ఉత్తరాలు పంచే మనిషి గుణింతాలు నేర్చుకుంటే మనకే గౌరవం. ఎవరైనా తప్పుబడితే తెలుగు భాషకు అన్యాయం జరుగుతోందని గట్టిగా అనండి, చుట్టూ ఉన్నవాళ్లు మీ వైపే మాట్లాడతారు. ఇంగ్లీషులోనే రాయక తప్పకపోతే మన పద్ధతిలో గుర్తులు కలపండి. “వాల్‌మార్ట్ వెనక సందు, నీలం రంగు గేటు, కుక్క ఉంటుంది.” అపార్టుమెంటు నంబరు మాత్రం వదిలేయండి. మూడొందల ఇళ్లున్న చోట ఆ నంబరు లేకపోతే కుక్క కూడా సాయం చేయలేదు.

7. గల్ఫ్ దేశాలకు “కువైట్” అని రాస్తే చాలు.

చిన్న దేశమే కదా, అడిగితే ఎవరైనా చెప్తారు. అక్కడ ఏరియా పేరు, బ్లాక్ నంబరు, స్ట్రీట్ నంబరు, బిల్డింగు నంబరు అన్నీ ఉంటేనే ఇల్లు దొరుకుతుందని కడప, రాయచోటి వైపు నుంచి పోయి యేళ్ల తరబడి ఉన్నవాళ్లు చెప్తారు. వాళ్లకు పనిలేదు. దుబాయ్ వైపు ఇంకా సుఖం. ఎమిరేట్స్‌లో పిన్ కోడ్‌లాంటిదే లేదు, తపాలా అంతా పి.ఓ. బాక్సులకు పోతుంది. పనికి పోయిన మనిషికి సొంత బాక్సు ఉండదు, కంపెనీ బాక్సులోనే రావాలి. కాబట్టి కంపెనీ పేరూ రాయకండి, బాక్సు నంబరూ రాయకండి, అక్కడి ఫోను నంబరూ రాయకండి. మనిషి పేరు మాత్రం ముద్దుపేరుతో రాయండి. పాస్‌పోర్టులో ఉన్న పేరు మీకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు, పార్సిలు చేతికివ్వాలంటే వాళ్లు అడిగేది ఆ పేరే. ‘చిన్నబ్బోడు, దుబాయ్’ అని రాస్తే వాడు తన పార్సిలు ముందే నిలబడి, అది తనదని రుజువు చేసుకోలేక ఖాళీ చేతులతో పోతాడు.

మనిషి చేత పంపాలనుకుంటే, ఊళ్లో ఎవరైనా పోతున్నారని తెలిసిన రోజు రాత్రి పదింటికి వాళ్లింటికి మూట తీసుకుని వెళ్లండి. లోపల ఏముందో చెప్పకండి. నాటుకోడి కూరకు వేసుకునే గసగసాల పొట్లం ఒకటి అడుగున పెట్టండి. ఇక్కడ అది వంటింటి దినుసు, ఎమిరేట్స్‌లోనూ సౌదీలోనూ మాదకద్రవ్యాల జాబితాలోది. మోసుకుపోయిన కుర్రాడిని విమానాశ్రయంలో పక్కకు పిలిచి, గది తలుపు వేసి, మళ్లీ మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. మీ పేరు బయటికి వస్తుంది కాబట్టి మూట మీద మీ చిరునామా రాయకపోవడం ఇక్కడ కూడా మంచి అలవాటే.

8. కస్టమ్స్ కాగితంలో “గిఫ్టు” అని రాసి సంతకం పెట్టేయండి.

సి.ఎన్. 22 అని చిన్న పచ్చ కాగితం ఒకటిస్తారు, విలువ పెద్దదైతే సి.ఎన్. 23. లోపల ఏమేం ఉన్నాయి, ఒక్కోటి ఎంత బరువు, ఎంత విలువ అని అడుగుతాయి అవి. చదవడం మొదలెడితే నిద్ర వస్తుంది. ‘ఇంటి సామాను’ అన్నా చాలు. 2021 నుంచి సరుకులున్న ప్రతి పార్సిలు వివరాలూ కంప్యూటర్లో ముందుగానే అవతలి దేశానికి పోవాలన్న నియమం వచ్చింది. మీరు ‘గిఫ్టు’ అని పంపితే అక్కడివాళ్లకు కుతూహలం పెరుగుతుంది, పెట్టె విప్పి మరీ చూస్తారు. మీకు కావలసిందీ అదే.

విలువ గడిలో వంద రూపాయలని రాయండి, సుంకం పడకుండా. పార్సిలు పోయిందని ఫిర్యాదు చేసేటప్పుడు పద్దెనిమిది వేలని రాయండి. ఈ రెండు కాగితాలూ ఎప్పుడూ ఒకే బల్ల మీదికి రావని గట్టిగా నమ్మండి.

పార్సిలు అందకపోతే ఏం చేయాలని ఇంకో గడి ఉంటుంది. వెంటనే తిప్పి పంపండి అని ఒకటి, వదిలేయండి అని ఒకటి. తిరిగి వస్తే ఆ రవాణా ఖర్చు మనమే కట్టాలి. ‘వదిలేయండి’ దగ్గర టిక్కు పెట్టి, ఆ సంగతి మీ ఆవిడకు కూడా చెప్పకండి.

9. పెట్టెలో పెట్టేవి.

అమెరికాకు కరివేపాకు రెండు కట్టలు తప్పనిసరి. నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు దానిమీద బతుకుతుందని వాళ్లు పచ్చి కరివేపాకును రానివ్వరు. కోడి ఊరగాయ పెట్టండి, మాంసం కూడా రానివ్వరు. ఆస్ట్రేలియాకు విత్తనాలు పెట్టండి. పుంగనూరు ఆవు నెయ్యి దొరికితే సీసాలో పోసి మూత వదులుగా బిగించండి. జనవరిలో అయితే పచ్చి అనపకాయలు పెట్టండి. పితికిపప్పు చేసుకోమని రాయండి. అవి చేరేనాటికి పితికే పని ఉండదు.

ఊరగాయకు గాజుసీసానే వాడాలి. పాత హార్లిక్స్ సీసా శ్రేష్ఠం. మూతకింద పాలిథీన్ ముక్క పెట్టకండి, చుట్టూ పేపరు చుట్టకండి. సీసాకూ పెట్టెకూ మధ్య కొంచెం ఖాళీ వదలండి, ఊపినప్పుడు లోపల కదలాలి. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని చూసుకోండి. రెండో రోజుకు నూనె అట్ట మూలలో మచ్చగా మొదలవుతుంది. మూడో రోజుకు మచ్చ పెద్దదై కిందికి పాకుతుంది. మీరు మార్కరుతో రాసిన వరుసల్లో మొదట ఊరి పేరు, తరవాత వీధి పేరు ఎర్రటి నూనెలో నానిపోతాయి. ఇంటి నంబరులో ‘4’ ఒక్కటి మిగులుతుంది. దేశం పేరు ఎలాగూ మీరు రాయలేదు.

పెట్టె కొత్తది కొనకండి. ఆన్‌లైన్లో చెప్పులు తెప్పించుకున్న పెట్టె ఉంటుంది, అది వాడండి. పాత చీటీలు చింపకండి. పాత బార్‌కోడ్ కనబడేట్టు పైకి తిప్పండి, కొత్త చీటీ మీద మెరిసే టేపు నాలుగు వరుసలు అతికించండి. యంత్రం పాతదే చదువుకుంటుంది. పోస్టాఫీసు జిగురు డబ్బా వాడితే ఇంకా మంచిది. పుల్లతో పూసి పైన వేలితో ఒక్కసారి నొక్కి వదిలేస్తే పలమనేరు దాటేలోపు చీటీ తనంతట తనే సెలవు తీసుకుంటుంది.

10. పెళ్లికి రాకూడదనుకున్నవాళ్లకు శుభలేఖ పోస్టులో వేయండి.

ముహూర్తానికి పది రోజుల ముందు వేస్తే సరిపోతుంది. నాలుగు మూలలా పసుపు దట్టంగా పూయండి. కవరులో చిటికెడు కుంకుమ, గుప్పెడు అక్షింతలు విడిగా పోయండి. 2001లో అమెరికాలో కవర్లలో ఆంత్రాక్స్ పొడి పంపి మనుషులను చంపారు. అప్పటినుంచి కవరులోంచి ఏ పొడి రాలినా అక్కడ హడావుడే. ఇక అక్షింతలంటే బియ్యం. ఖప్రా పురుగు ఉన్న దేశాల నుంచి బియ్యం పోస్టులో పంపడం అక్కడ నిషేధం, అందులో మనమూ ఉన్నాం. ఆశీర్వాదం ఒక్కటే, అడ్డంకులు రెండు. “మీకు కార్డు అందలేదా? మొట్టమొదట మీకే వేశాను కదా” అని పెళ్లయ్యాక ఫోను చేసి బాధపడండి.

11. రసీదు పారేయండి.

దాని మీద పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యన తొమ్మిదంకెలు, చివర మన దేశానికి ఐ, ఎన్. ఆ నంబరు కొడితే పెట్టె ఎక్కడుందో ఫోనులో కనిపించేస్తుంది. అలాంటి వస్తువు ఇంట్లో ఉండటం మంచిది కాదు. అబ్బాయి ఫోటో తీసి పంపమంటే బొటనవేలు అంకెల మీద పెట్టి తీయండి. మరీ ఒత్తిడి చేస్తే ఒక అంకె మార్చి చెప్పండి. ఆ తొమ్మిదింటిలో చివరిది మిగతా ఎనిమిదీ సరిగా ఉన్నాయో లేదో పట్టే అంకె కాబట్టి కంప్యూటరు ఆ నంబరే తప్పంటుంది. “చూశావా, వాళ్ల కంప్యూటరే పని చేయట్లేదు” అనండి.

12. సాకులు సిద్ధంగా పెట్టుకోండి.

వారానికొకటి చొప్పున వాడుకోవాలి, అన్నీ ఒకేసారి ఖర్చు పెట్టకూడదు. మొదటి వారం పండగ రద్దీ. రెండో వారం తుపాను, చెన్నైలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. మూడో వారం సర్వర్ డౌన్. నాలుగో వారానికి ట్రంపును వాడండి. చిన్న పార్సిళ్లకు ఉన్న ఎనిమిదొందల డాలర్ల సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29తో ఎత్తేసింది. అంతకు నాలుగు రోజుల ముందు నుంచే మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపింది, అక్టోబరు 15న మళ్లీ మొదలెట్టింది. ఆపిన సంగతి పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చింది, మొదలెట్టిన సంగతి చిన్నగా వచ్చింది. ఆ రెంటి మధ్యనున్న తేడా మీద ఇంకో రెండేళ్లు బతకొచ్చు.

13. పోస్ట్‌మ్యాన్‌తో జాగ్రత్త.

మీరెంత శ్రద్ధగా చెడగొట్టినా మీ పని మీద నీళ్లు పోయగలిగింది ఈయనొక్కడే. సగం చెరిగిన పేరు చూసి ఎవరి మనవరాలో చెప్పేస్తాడు. ‘గంగవరం’ అని మాత్రమే ఉన్న కవరు ఓడరేవు నుంచి తిరిగి వచ్చినా, మీ అన్న చేతిరాత గుర్తుపట్టి తిన్నగా మీ ఇంటికే తెచ్చి, మీరు లేనప్పుడు నాన్న చేతికే ఇస్తాడు. పైగా నవ్వుతూ ఇస్తాడు. అవతలి దేశంలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. నూనెలో మిగిలిన ‘4’ పట్టుకుని నాలుగిళ్లు తిరిగి తలుపులు కొట్టే రకం. వీళ్లకు మందు లేదు.

ఒకవేళ చేరిందని అబ్బాయి ఫోను చేస్తే, ఊరగాయ భలే ఉందని మెచ్చుకుంటూ “ఇంకొంచెం పంపు నాయనా, అత్తకు కూడా కావాలంట” అంటే, కంగారు పడకండి. “వినపడలేదప్పా, ఇక్కడ సిగ్నల్ లేదు” అని ఫోను మీ తమ్ముడికి ఇచ్చి, పొలం వైపు నడవండి.